నాలుగున్నర బస్సు ఎక్కే అమ్మాయికి కాలేజీలో ఏం దొరుకుతోంది?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ మహిళా డిగ్రీ కాలేజీ ప్రాస్పెక్టస్ తిరగేసినా దాదాపు ఒకటే వరస. లైబ్రరీ, జిమ్, హెల్త్ సెంటర్, కెరీర్ గైడెన్స్ సెల్, గ్రీవెన్స్ సెల్, మహిళా సాధికారత విభాగం, ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, ఇండోర్ గేమ్స్. ఇందులో అబద్ధం ఏమీ లేదు. చాలాచోట్ల ఇవన్నీ నిజంగానే ఉంటాయి, గది ఉంటుంది, గది మీద బోర్డు ఉంటుంది, దానికి బాధ్యురాలిగా ఒక మేడం పేరు కూడా ఉంటుంది. అయినా మూడేళ్లు చదివి బయటికొచ్చిన అమ్మాయిని ఇందులో నువ్వు ఏవేవి వాడుకున్నావమ్మా అని అడిగితే రెండో మూడో చెప్పి ఆగిపోతుంది. ఆసక్తి లేక కాదు. అవి తెరిచి ఉండే టైముకీ ఆ పిల్ల కాలేజీలో ఉండగలిగే టైముకీ పొత్తు కుదరదు, అంతే. కాబట్టి వసతి ఉందా లేదా అని లెక్కపెట్టడం కాసేపు పక్కన పెట్టి, అది ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా ఉంది, ఆ టైములో అక్కడ ఎవరు ఉండగలరు అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

ముందు బస్సు దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే ఈ కాలేజీల టైంటేబుల్ రాసేది ప్రిన్సిపాలే అయినా దాన్ని నడిపించేది పల్లెవెలుగు బస్సు. నెల్లూరుకి కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం, ఇందుకూరుపేట, పొదలకూరు, ముత్తుకూరు వైపుల నుంచి, ఒంగోలుకి కొత్తపట్నం, టంగుటూరు, సంతనూతలపాడు, చీమకుర్తి, మద్దిపాడు వైపుల నుంచి రోజూ వచ్చిపోయే పిల్లలు వీళ్లు. పొద్దున ఏడున్నరకల్లా సెంటర్లో నిలబడితేనే పది గంటల క్లాసు అందుతుంది. చీమకుర్తి రోడ్డు మీద గ్రానైట్ లారీలు అడ్డం పడినా, పెన్నా వంతెన దగ్గర ట్రాఫిక్ ఆగినా మొదటి పీరియడు పోయినట్టే. సాయంత్రం నాలుగుకి గంట కొట్టగానే బ్యాగు తగిలించుకుని బస్టాండుకి పరుగు. నాలుగున్నర, అయిదు మధ్య బస్సు తప్పిపోతే తర్వాతది వచ్చి ఊరు చేరేసరికి చీకటి పడుతుంది. చీకటి పడకముందే ఇల్లు చేరాలన్నది చాలా ఇళ్లలో ఆడపిల్ల చదువుకి పెట్టిన షరతు. నోటితో ఎవరూ అనకపోయినా నాలుగు రోజులు వరసగా ఆలస్యమైతే "ఇంక చదివింది చాల్లేమ్మా" అనే మాట వస్తుందని ఆ పిల్లకి బాగా తెలుసు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో రాష్ట్ర మహిళలందరికీ టికెట్ లేకుండా ప్రయాణం వచ్చాక ఇందులో ఒక మంచి మార్పు జరిగింది. దీన్ని అందరూ పాస్ డబ్బులు మిగిలాయి అన్న కోణంలోనే చూస్తున్నారు కానీ అంతకంటే పెద్ద విషయం వేరే ఉంది. స్టూడెంట్ పాస్ అంటే ఊరి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి ఊరికి, ఆ ఒక్క రూటుకే. ఇప్పుడు ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటే జిల్లా గ్రంథాలయానికి వెళ్లొచ్చు, ఇంకో ఊళ్లో పోటీ పరీక్ష రాసి రావొచ్చు, ఇంటర్న్‌షిప్ కోసం వేరే మండలానికి పోవచ్చు, దానికి నాన్నని విడిగా డబ్బులు అడగక్కర్లేదు. అడగక్కర్లేకపోవడం చిన్న విషయం కాదు, అడిగినప్పుడల్లా ఎందుకు, ఎవరితో అనే ప్రశ్నలు వస్తాయి. అయితే టికెట్ పోయింది కానీ టైము మారలేదు. అవే ట్రిప్పులు, పైగా రద్దీ పెరిగింది. నాలుగింటికి వదిలే కాలేజీ ఒకటి ఉందని, అయిదున్నరకి ఒక ట్రిప్పు పడితే ఇన్ని గ్రామాల పిల్లలకి ఇంకో గంట కాలేజీలో ఉండే వీలు కలుగుతుందని, రూట్ల వారీగా పిల్లల సంఖ్య రాసి డిపో మేనేజరుకి లెటరు పెట్టడం కాలేజీ చేయగలిగిన పని. ఈ పని చేసే సెల్ మాత్రం ఏ ప్రాస్పెక్టస్‌లోనూ కనిపించదు.

ఆడపిల్లలకి విడిగా కాలేజీ ఎందుకు అని ఈ రోజుల్లో అడిగేవాళ్లున్నారు. సిద్ధాంతంగా ఆ ప్రశ్న సబబే కావచ్చు. ఈ రెండు జిల్లాల్లో మాత్రం జవాబు చాలా మామూలుది: ఆడపిల్లల కాలేజీ అయితేనే పంపే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నెల్లూరులో ఈ ఆలోచనకి వందేళ్ల వయసు. స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొన్న పొణకా కనకమ్మ 1923లో కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది ఆడపిల్లల కోసమే. ఇవాళ ఊళ్లో అందరూ డీకేడబ్ల్యూ అని పిలిచే ప్రభుత్వ మహిళా కాలేజీ దొడ్ల కౌసల్యమ్మ పేరు మీద నడుస్తోంది. ఇక నెల్లూరు జిల్లాలోనే ఉన్న దూబగుంట అనే పల్లె సంగతి తెలియనివాళ్లుండరు. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ల వెంట సారా దుకాణం మూయించడం, ఆ కదలిక జిల్లాలు దాటి 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా పోవడం చరిత్ర. అక్కడ ఒక చిన్న సంగతి గమనించాలి. ఆ బడి రాత్రిపూట పెట్టారు, ఎందుకంటే పగలు ఆ ఆడవాళ్లు కూలికి పోతారు. ఎవరి కోసం పెట్టారో వాళ్ల టైముకి పెట్టారు కాబట్టే వాళ్లు వచ్చారు.

ఇప్పుడు మధ్యాహ్నం సంగతి. తెల్లవారుజామున వండిన అన్నం, పప్పో పచ్చడో బాక్సులో పెట్టుకుని బయల్దేరిన పిల్ల ఒంటిగంటకి మూత తీసేసరికి, ఏప్రిల్‌లో అయితే, వాసన వచ్చేస్తుంది. కొంతమంది అసలు బాక్సే తెచ్చుకోరు, అంత పొద్దున వంట అవ్వదు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి డొక్కా సీతమ్మ పేరుతో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు, మంచి పని. కానీ ఇంటర్ రెండో సంవత్సరం దాకా కాలేజీలో అన్నం తిన్న అమ్మాయికి డిగ్రీ మొదటి సంవత్సరంలో అది ఆగిపోతుంది. ఆకలి మాత్రం ఆగదు కదా. ఊళ్లో అన్న క్యాంటీన్ ఉంటుంది, అయిదు రూపాయలకి భోజనం, కాలేజీకి దగ్గర్లోనే ఉన్నా వీళ్లకి అందదు, ఎందుకంటే చాలా మహిళా కాలేజీల్లో పొద్దున వేసిన గేటు సాయంత్రం దాకా తీయరు. బయటికి పోవాలంటే అవుట్‌పాస్, దాని మీద సంతకం, ఇంటికి ఫోను. గేటు వేయడం వెనక ఉన్న భయం అర్థమయ్యేదే, తల్లిదండ్రులు కోరేది కూడా అదే. అయితే గేటు వేసినవాళ్ల మీద లోపల భోజనం దొరికేలా చూసే బాధ్యత కూడా పడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఒక డిగ్రీ క్లాసు మొత్తాన్ని కళ్ల ముందు పెట్టుకుని ఆలోచిస్తే ఆ అంకె ఏమిటో తెలుస్తుంది. మధ్యాహ్నం రెండు గంటల క్లాసులో పిల్లలు నిద్రపోతున్నారు, శ్రద్ధ లేదు అని విసుక్కునే ముందు వాళ్లు ఏం తిన్నారో కనుక్కోవాలి. ఇరవై, పాతిక రూపాయల్లో వేడి అన్నం, గుడ్డు పెట్టే మెస్ ఒకటి క్యాంపస్‌లో పొదుపు సంఘం ఆడవాళ్లకి అప్పగించినా నడుస్తుంది. చోటు, నీళ్లు, కరెంటు కాలేజీ ఇస్తే చాలు.

మరుగుదొడ్ల గురించి రాయాలంటే చాలామందికి మొహమాటం. కానీ ఆడపిల్లల కాలేజీలో మొట్టమొదటి సర్వీసు అదే, లైబ్రరీ కంటే ముందు. బ్లాకులు కట్టి ఉంటాయి, ట్యాంకులో నీళ్లు పదకొండింటికే అయిపోతాయి, లేదా తలుపు గడియ ఊడి ఉంటుంది, ఒకరు బయట కాపలా నిలబడితేనే ఇంకొకరు లోపలికి పోవాలి. దాంతో పిల్లలు చేసే పని పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేయడం. రోహిణి ఎండల్లో కూడా అంతే. తెచ్చుకున్న బాటిల్ సాయంత్రం బస్సులో సగం నిండుగానే ఉంటుంది. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు అక్కడి నుంచే వస్తాయి, అది హెల్త్ సెంటర్ రిజిస్టర్లో తలనొప్పి అనో కడుపునొప్పి అనో ఎక్కుతుంది. ప్యాడ్ల విషయం కూడా ఇలాగే ఉంది. ఉచితంగా ప్యాడ్లు ఇచ్చే స్వేచ్ఛ కార్యక్రమం 2021లో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే అమ్మాయిల కోసం మొదలైంది. డిగ్రీ వాళ్లకి మళ్లీ మిషన్లో నాణెం వేసి తీసుకోవాల్సిందే, ఆ మిషన్ పనిచేస్తే. వాడినవి కాల్చే యంత్రం కొన్న బిల్లు ఫైల్లో భద్రంగా ఉంటుంది, దాని కాయిల్ కాలిపోయాక మార్పించే మనిషి ఉండరు. మూత ఉన్న చెత్తబుట్ట, రోజూ తీసే ఆయమ్మ, ఆవిడకి నెలనెలా టైముకి జీతం, ఈ మూడూ ఉంటే యంత్రం లేకపోయినా పని జరుగుతుంది.

లైబ్రరీ దగ్గరికొస్తే టైము గొడవ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పొద్దున పది నుంచి నాలుగు దాకా తెరుస్తారు, అంటే సరిగ్గా క్లాసులు జరిగే టైములో. పుస్తకాలు ఇచ్చేది మధ్యాహ్నం విరామంలో, ఆ గంటలోనే తినాలి, ఆఫీసులో పని చూసుకోవాలి, రికార్డు సంతకం చేయించుకోవాలి. పైగా 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం అయ్యింది. ఇంటర్ దాకా హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్ తెలుగులో చదివి వచ్చిన అమ్మాయి బీఏ మొదటి సెమిస్టర్లో డిమాండ్ వక్రరేఖని ఇంగ్లిష్‌లో చదువుకోవాలి, పరీక్ష అందులోనే రాయాలి. ఇలాంటి పిల్లకి పక్కన కూర్చుని చెప్పేవాళ్లూ, రెండు భాషల్లో ఉన్న పుస్తకమూ కావాలి, అవి ఇంటికి తీసుకుపోయే వీలుండాలి. రిఫరెన్స్ పుస్తకం ఇక్కడే చదివి పెట్టిపో అంటే ఆమెకి అది లేనట్టే లెక్క. ఈ చిక్కుకి ఇప్పటికే ఉన్న ఒక మంచి మార్గం ఎన్-లిస్ట్. లైబ్రరీల్ని ఆన్‌లైన్లో కలిపే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఈ సర్వీసుకి ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలు ఏడాదికి 5,900 రూపాయలు కడితే చాలు, ఆరు వేలకు పైగా జర్నళ్లు, లక్షా తొంభై వేలకు పైగా ఈ-పుస్తకాలు పిల్లలు తమ లాగిన్‌తో ఫోన్లోనే చదువుకోవచ్చు, బస్సులోనైనా ఇంట్లోనైనా. చందా కట్టినచోట కూడా లాగిన్లు లెక్చరర్ల దగ్గరే ఆగిపోతుంటాయి. అడ్మిషన్ రోజునే ప్రతి అమ్మాయికీ ఐడీ చేసిచ్చి ఒక పుస్తకం తెరిచి చూపిస్తే సగం పని అయిపోయినట్టే. ఆ పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయన్నది నిజమే, అందుకే పక్కన కూర్చుని చెప్పే మనిషి అవసరం దీంతో తీరిపోదు.

ఇక ఆఫీసు కిటికీ. కాలేజీలో పిల్లలకి అన్నింటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది పరీక్షలు కాదు, ఇదే. బోనఫైడ్, స్టడీ సర్టిఫికెట్, జ్ఞానభూమి పోర్టల్‌లో స్కాలర్‌షిప్ అప్లికేషన్, 75 శాతం హాజరు లెక్క, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు. కిటికీ దగ్గర జరిగేది చూస్తే తెలుస్తుంది. ఒంటిగంటకి లైన్లో నిలబడిన అమ్మాయి వంతు ఒకటిన్నరకి వస్తుంది. క్లర్కు ఆధార్ నంబరు కొడతాడు, ఓటీపీ చెప్పమ్మా అంటాడు. ఆ ఓటీపీ వెళ్లేది నాన్న ఫోనుకి, ఆయన రొయ్యల గుంట మీద ఉంటాడు, చేతులు తడిగా ఉండి ఫోను ఎత్తడు. రెండోసారి చేస్తే ఎత్తుతాడు కానీ ఆయనకి మెసేజ్ తెరిచి చదవడం రాదు, పక్కనున్న కుర్రాడికి ఇస్తాడు, ఆ కుర్రాడు అంకెలు చెప్పేసరికి గడువు అయిపోతుంది. వెనక ఇరవై మంది. "రేపు రామ్మా" అంటాడు క్లర్కు, ఆయన తప్పూ లేదు. రేపు మళ్లీ అదే కథ. 2019-24 మధ్య, హాస్టల్, భోజనం ఖర్చులకి ఇచ్చే వసతి దీవెన కింద డిగ్రీ పిల్లలకి ఏడాదికి 20,000 రూపాయలు రెండు విడతల్లో తల్లి ఖాతాలో వేసినప్పుడు, తల్లి వేలిముద్ర పడక డబ్బు ఆగిన ఇళ్లు ఎన్నో. పథకం పేరు మారినా, ఫీజు డబ్బు తల్లి ఖాతాకి కాకుండా కాలేజీ ఖాతాకి పోయే పద్ధతి వచ్చినా, ఫోను నంబరు చిక్కు అలాగే ఉంది. ఏడాది మొదట్లో ఒక శనివారం తల్లిదండ్రుల్ని ఫోనుతో సహా పిలిపించి ఈ పనులన్నీ ఒకేసారి పూర్తి చేసే కాలేజీల్లో ఏడాదంతా కిటికీ దగ్గర రద్దీ ఉండదు. ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపడం మాత్రం ఏ రకంగానూ సరికాదు, ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీలు, కాలేజీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2018లోనే చెప్పింది. పీజీ సీటో ఉద్యోగమో వచ్చిన పిల్ల ఇరవై వేలు అప్పు తెచ్చి కట్టి సర్టిఫికెట్ విడిపించుకోవడం చూస్తే కడుపు మండుతుంది.

హాస్టల్ పిల్లల పరిస్థితి కొంత నయం, నాలుగు తర్వాత కూడా వాళ్లకి కాలేజీ ఉంటుంది. కానీ సంక్షేమ హాస్టళ్లు చాలావరకు క్యాంపస్‌లో ఉండవు, ఊళ్లో ఇంకెక్కడో ఉంటాయి, సాయంత్రం హాజరుకి అక్కడ ఉండాలి. కనిగిరి, మార్కాపురం వైపు నుంచి వచ్చి ఒంగోలులో హాస్టల్లో ఉండి చదివే అమ్మాయికి కూడా కాలేజీ పది నుంచి నాలుగు దాకానే. ఎన్‌సీసీ పరేడ్ తెల్లవారి ఆరున్నరకి, గేమ్స్ నాలుగు తర్వాత. సీ సర్టిఫికెట్‌కి పోలీసు, రక్షణ ఉద్యోగాల్లో ఉన్న విలువ అందరికీ తెలుసు, అది చివరికి టౌన్లో ఇల్లున్న పిల్లలకే దక్కుతోంది. వారంలో రెండు రోజులు మధ్యాహ్నం ఒక గంట క్లాసులు లేకుండా ఖాళీగా ఉంచి గేమ్స్, ఎన్‌ఎస్‌ఎస్, కెరీర్ గైడెన్స్, కౌన్సెలింగ్ అన్నీ ఆ గంటలోకి తెస్తే ఖర్చేమీ లేదు, టైంటేబుల్ కమిటీ ఒకసారి కూర్చుంటే చాలు.

రక్షణ విషయంలో ఒక అపోహ బలంగా ఉంది: అందరూ ఆడపిల్లలే కాబట్టి ఇక్కడ లైంగిక వేధింపుల సమస్యే రాదని. పనిచేసే చోట ఆడవాళ్ల మీద వేధింపుల్ని అరికట్టే 2013 చట్టం, దాని మీద యూజీసీ తెచ్చిన 2015 నిబంధనలు చదివితే సంగతి వేరేగా ఉంటుంది. ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, విద్యార్థులకి సంబంధించిన ఫిర్యాదైతే ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు అందులో ఉండాలి, జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి, తొంభై రోజుల్లో విచారణ ముగియాలి. ముఖ్యంగా, క్యాంపస్ అంటే గేటు లోపల మాత్రమే కాదు. కాలేజీ ఏర్పాటు చేసిన బస్సు, ఫీల్డ్ ట్రిప్, క్రీడా పోటీలు, ఇంటర్న్‌షిప్ చేసే చోటు కూడా ఈ నిబంధనల కిందికే వస్తాయి. డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయ్యాక ఇది చాలా పెద్ద సంగతి. మొదటి సంవత్సరం తర్వాత చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు 180 గంటలు, అది సొంత ఊళ్లోనే సర్వే చేసి ముగించొచ్చు, పిల్లలు ఇష్టంగానే చేస్తారు. తర్వాతది అలా కాదు. ముక్కూమొహం తెలియని ఆఫీసులో, షాపులో, ఆడిటర్ దగ్గర నెలల తరబడి పనిచేయాలి. అక్కడ ఇబ్బంది ఎదురైతే కాలేజీ కమిటీకే చెప్పొచ్చని ఎంతమందికి తెలుసు? తెలియకపోతే ఇంటి దగ్గరే ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఒకటి తెచ్చుకుని పని కానిచ్చేస్తారు, నేర్చుకోవాల్సింది పోతుంది. ఇక ఆర్టీసీ బస్సులోనో బస్టాండులోనో వేధింపు అయితే పోలీసుల శక్తి యాప్ ఉంది, దాన్ని 2025 మార్చి 8న మార్కాపురంలోనే మొదలుపెట్టారు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అయితే రెండు గదుల ఇంట్లో అందరి మధ్య కూర్చుని అలాంటి ఫోను చేయడం ఎవరికైనా కష్టమే, అందుకే కాలేజీలో తలుపు వేసుకుని మాట్లాడుకునే చిన్న గది కావాలి, సీసీ కెమెరా కింద పెట్టిన సలహాల పెట్టె కాదు.

చివరిగా, ఏ సెల్ పరిధిలోకీ రాని విషయం పెళ్లి. రక్తహీనత లెక్క చెప్పిన ఆ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని తేలింది. డిగ్రీ దాకా వచ్చిన అమ్మాయి ఆ గండం దాటినట్టే కానీ రెండో సంవత్సరం వేసవి సెలవుల్లో ముహూర్తం పెట్టేస్తారు. మూడో సంవత్సరం మొదట్లో హాజరు పట్టీలో పేరు ఉంటుంది, మనిషి ఉండదు. రెండు నెలలు చూసి పేరు కొట్టేస్తారు, అక్కడితో అయిపోయింది అనుకుంటారు, ఆ అమ్మాయి కూడా అలాగే అనుకుంటుంది. నిజానికి అయిపోలేదు. పాసైన సబ్జెక్టులకి వచ్చే పాయింట్లని, అంటే క్రెడిట్లని, విద్యార్థి పేరు మీద దాచిపెట్టే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (ఏబీసీ) 2021లో వచ్చింది, ఆ పద్ధతిలో సంపాదించిన క్రెడిట్లు ఏడేళ్ల దాకా చెల్లుతాయి. గర్భిణులైన విద్యార్థినులకి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా రూల్స్ పెట్టుకోమని యూజీసీ అదే ఏడాది డిసెంబరులో అన్ని యూనివర్సిటీలకీ రాసింది. యూజీసీ కొత్త క్రెడిట్ పద్ధతిలో రెండేళ్లు పూర్తి చేసి ఆగినా డిప్లొమా ఇచ్చే వీలుంది. అంటే నాలుగు సెమిస్టర్లు పాసై అత్తగారి ఊరు వెళ్లిన పిల్ల మూడేళ్ల తర్వాత బిడ్డని అమ్మ దగ్గర వదిలి వచ్చి మిగతాది పూర్తి చేయడానికి దారి ఉంది. టీసీ తీసుకోవడానికి ఆ అమ్మాయి వాళ్ల నాన్నతో కలిసి కిటికీ దగ్గరికి వచ్చిన రోజునే, ఏబీసీ ఐడీలో ఆమె క్రెడిట్లన్నీ ఎక్కాయో లేదో చూసి, మళ్లీ చేరాలంటే ఎప్పుడు రావాలి, ఏ కాగితాలు తేవాలి, ఎంత కట్టాలి అన్నది తెలుగులో రాసి, నాన్న చేతికి కాకుండా అమ్మాయి చేతికే ఇవ్వడానికి పది నిమిషాలు చాలు.